పొత్తు మాట పోయిన రాజ్యం

అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఏ ఊరి రాజు అని అడక్కండి, ఆ ఊరు ఎప్పుడో మబ్బుల అవతలికి జరిగిపోయింది. అప్పట్లో మాత్రం దాన్ని వెన్నెలగుట్ట అనేవాళ్ళు. రాజు పేరు రణమల్లుడు. పేరు వినగానే జడుసుకోకండి, మీసాలు తప్ప ఆయన దగ్గర జడుసుకోవాల్సింది ఏమీ లేదు.

ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరమల్లుడు, కత్తి తీశాడంటే గాలి కూడా పక్కకు తప్పుకునేది. రెండోవాడు సిరిమల్లుడు, బేరానికి దిగాడంటే ఎదుటివాడు తాను అమ్ముతున్నాడో కొంటున్నాడో మరిచిపోయేవాడు. మూడోవాడు చిట్టిమల్లుడు. వాడికేం వచ్చో ఎవరికీ తెలీదు. అన్నం మాత్రం ఇష్టంగా తినేవాడు.

వాళ్ళమ్మ నీలాంబ రాణి. కొడుకులకు మీసాలొచ్చినా సరే, దీపాలు పెట్టే వేళకు ఆమె పెద్ద కంచంలో అన్నం కలిపేది. ముగ్గురూ చుట్టూ చేరేవాళ్ళు. ఒక ముద్ద పెద్దవాడికి, ఒక ముద్ద రెండోవాడికి, ఒక ముద్ద చిన్నవాడికి. ఆఖరి ముద్ద తనకు. పెట్టకుండా తినడం ఆ తల్లికి చేతకాదు.

ఆ రాజ్యంలో ఒక మాట ఉండేది. పొత్తు. చిన్న మాటే, పిల్లలు కూడా పలకగలిగే మాట. ఒక్కో ఎద్దే ఉన్న ఇద్దరు రైతులు ఎద్దుల్ని జత చేసి ఒకే నాగలి కడితే అది పొత్తు సేద్యం. రెండిళ్ళవాళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుంటే పొత్తున వండుకున్నారు అనేవాళ్ళు. ఒకే కంచంలో తింటే పొత్తున తిన్నారు అనేవాళ్ళు. ఇక తొలకరి చినుకు పడ్డ రోజున కోట ముందు ఏనుగంత కుండ పొయ్యి మీదికి ఎక్కించేవాళ్ళు. ఇంటింటి నుంచీ గుప్పెడు బియ్యం తెచ్చి అందులో పోసేవాళ్ళు. ఎవరి గింజ ఏదో ఎవరికీ తెలీదు. అందరూ వరసగా కూచుని తినేవాళ్ళు, రాజుతో సహా. ఆ కుండ పేరు పొత్తుకుండ.

పిల్లలూ, ఈ మాటను మీరు కాస్త బుగ్గలో దాచిపెట్టండి. ఎందుకంటే ఇంకాసేపట్లో అది ఆ ఊరివాళ్ళ దగ్గర ఉండదు. నేను అడిగినప్పుడు ఇద్దురుగాని.

ఒక ఏడు తొలకరి పడింది. కుండ ఉడుకుతోంది, ఆవిరి మబ్బుల దాకా లేస్తోంది. అందరూ వరసల్లో కూచున్నాక ఒక ముసలివాడు వానలో తడుస్తూ వచ్చాడు. భుజం మీద రామచిలుక, చేతులు ఖాళీ. వచ్చి రాణిగారి ఆకు ముందు నిలబడ్డాడు. రాణి అప్పుడే ముద్ద కలుపుతోంది. చెయ్యి ఎత్తి అతని వైపు చాపబోయింది.

రాజు మీసం దువ్వి అడిగాడు. "ఏం తెచ్చావు?"

"ఏమీ తేలేదు. ఆకలేస్తోంది."

"ఊరంతా తలో గుప్పెడు తెచ్చింది. గుప్పెడు గింజలు కూడా తేలేనివాడికి ఈ కుండలో చోటు లేదు," అన్నాడు రాజు. అని రాణి వైపు ఒక చూపు చూశాడు. రాణి చెయ్యి మెల్లగా దిగిపోయింది. పక్కనే కూచున్న చిట్టిమల్లుడు ఆ చెయ్యి దిగడం చూశాడు. చూసి, తన ఆకులో అన్నం తాను తిన్నాడు.

ఆ ముసలివాడు మామూలు ముసలివాడు కాదు. ఏడు సముద్రాల అవతల ఒంటిమేడలో ఉండే మాంత్రికుడు. "రాజా, వాడడం రానివాళ్ళకు మాటెందుకు?" అన్నాడు. భుజం మీద చిలుక నోరు తెరిచింది. అంతే, వరసల్లో కూచున్న వాళ్ళందరి నోళ్ళలోంచీ సన్నటి పొగ లేచింది. అదంతా ఒక తీగలా అల్లుకుని, వాన చినుకుల మధ్య నుంచి తేలుతూ వెళ్ళి చిలుక గొంతులో దూరింది. చిలుక నోరు మూసుకుంది. మాంత్రికుడూ లేడు, చిలుకా లేదు.

ఆ రోజు నుంచి ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. మాట పోతే పోయిందిలే అనుకోవచ్చు. కానీ మాటతో పాటు చేతుల్లో కూడా ఏదో పోయింది. ఇంకొకరి వైపు చాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయేది. జత కట్టిన ఎద్దులు చెరో దిక్కుకు లాగాయి. పిల్లలు ఎవరి ఆట వాళ్ళే ఆడుకుని, గెలిచి, ఏడ్చారు.

అన్నిటికన్నా ఘోరం కోటలో జరిగింది. ఆ సాయంత్రం రాణి అన్నం కలిపి ముద్ద చేసింది. చెయ్యి లేవలేదు. కొడుకుల నోటి దాకా కాదు కదా, తన నోటి దాకా కూడా లేవలేదు. ముద్ద పట్టుకుని కంచం ముందు అలాగే ఉండిపోయింది. ఎడమ చేత్తో నాలుగు గుక్కల పాలు తాగేది, అంతే. రోజురోజుకీ సన్నబడిపోతోంది.

"నాయనా, ఈ ముద్ద చాలా బరువుగా ఉందిరా," అంది చిట్టిమల్లుడితో. "ఎవరికి పెట్టాలో తెలియడం లేదు."

చిట్టిమల్లుడికి ఏడుపొచ్చింది. ఇలాగే ఉంటే అమ్మ బతకదని అర్థమైంది.

రాజు పండితుల్ని పిలిపించాడు. తాటాకుల్లో ఆ మాట ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ ఉంది. "ఆ మాటకు అర్థం దానం అయి ఉంటుంది," అన్నాడు మొదటి పండితుడు. సరేనని దానం చేయించారు. ఇచ్చినవాళ్ళు తలెత్తారు, పుచ్చుకున్నవాళ్ళు తల దించుకున్నారు, రాణి చెయ్యి లేవలేదు. "అయితే బదులు," అన్నాడు రెండో పండితుడు. తోడు పెట్టుకోడానికి చెంచాడు పెరుగు ఇచ్చినవాడు గుమ్మంలోనే కూచుని, "నాదెప్పుడిస్తావ్?" అన్నాడు. "వాటా, ముమ్మాటికీ వాటా!" అన్నాడు మూడో పండితుడు. వాటాలు వేశారు. అన్నదమ్ములు కొలపాత్రలతో తలలు పగలగొట్టుకున్నారు. రాణి చెయ్యి లేవలేదు.

"నేను వెళ్ళి మాట తెస్తాను," అని ధీరమల్లుడు కత్తి తీసుకుని పెద్ద ఓడ ఎక్కాడు. తిరిగి రాలేదు. "నేను కొనుక్కొస్తాను," అని సిరిమల్లుడు నగల పెట్టెతో రెండో ఓడ ఎక్కాడు. వాడూ రాలేదు. ఇద్దరూ కలిసి ఒకే ఓడలో పోవచ్చు కదా అంటారేమో. కలిసి పోవడానికే కదా ఆ మాట కావాల్సింది!

ఇక మూడో ఓడ లేదు. చిట్టిమల్లుడు చద్దిమూట తానే కట్టుకుని నడుస్తూ బయల్దేరాడు.

వెళ్ళగా వెళ్ళగా ఒక చింతతోపు వచ్చింది. కూచుని మూట విప్పాడు. ఎక్కడి నుంచో ఒక ఉడుత వచ్చి మూటకు అవతలి పక్క కూచుంది.

"అబ్బాయీ, నాకూ ఆకలే," అంది.

చిట్టిమల్లుడు ముద్ద తీసి చెయ్యి చాపబోయాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. "నా చెయ్యి ఇవ్వలేదు. మా ఊరి జబ్బు," అన్నాడు సిగ్గుపడి.

"ఇవ్వమని ఎవరన్నారు? మూట మధ్యలో పెట్టు. నువ్వు ఆ పక్క నుంచి తిను, నేను ఈ పక్క నుంచి తింటాను."

ఇవ్వడమైతే చేతకాలేదు గానీ, జరిపి పెట్టడం చేతనైంది. ఇద్దరూ తిన్నారు. ఉడుత దర్జాగా మీసాలు తుడుచుకుంది. తల మాత్రం దించుకోలేదు.

"అయితే ఇది దానం కాదన్నమాట," అన్నాడు చిట్టిమల్లుడు.

"పేరు నాకు తెలీదు. రుచి తెలుసు," అంది ఉడుత. వాడి భుజం మీదికెక్కి, "పద, నేనూ వస్తాను," అంది.

ఇంకా వెళ్ళగా మంచు పరుచుకున్న ఒక మడి వచ్చింది. మంచులోంచి అరుపు వినిపిస్తోంది. దగ్గరికి పోయి చూస్తే ఒక పిల్ల ఒంటెద్దుతో దున్నడానికి నానా తంటాలూ పడుతోంది. ఆమె పేరు చెంగల్వ. ఎద్దు పేరు బుల్లోడు. పేరే బుల్లోడు, మనిషి మాత్రం కొండంత. అయ్యో, ఎద్దు మాత్రం అనాలి కాబోలు.

"ఒక్కణ్ణీ లాగలేను బాబోయ్," అంటోంది ఎద్దు. "కాడికి అవతలి పక్క ఎవరో ఒకరు ఉండాలి. గాలిని పక్కన పెట్టుకుని నడిస్తే మెడ వంకర పోతోంది."

"మీ వెన్నెలగుట్టవాళ్ళ ఎద్దునే జత తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు అడిగితే ముఖాన తలుపేస్తున్నారు," అంది చెంగల్వ. "చూస్తావేమిటయ్యా? చూస్తే తెగుతుందా మడి?"

చిట్టిమల్లుడు కాడి అవతలి కొన తన భుజానికెత్తుకున్నాడు. ఎద్దు ఒక పక్క, రాజుగారి కొడుకు ఒక పక్క. వాడు అడుగు వేస్తే ఎద్దు వేసింది. ఎద్దు ఆగితే వాడు ఆగాడు. పొద్దు వాలేసరికి మడి మొత్తం దువ్విన జుట్టులా చాళ్ళు తేలింది.

"కూలి ఎంతియ్యాలి?" అంది చెంగల్వ.

"కూలా? నాకు తట్టనే లేదు."

"బదులుకు నేను మీ ఊరొచ్చి దున్నాలా ఏమిటి?"

"వస్తే బాగుంటుంది. బదులుకు కాదు, ఊరికే," అన్నాడు చిట్టిమల్లుడు. అన్నాక చెవులదాకా ఎర్రబడ్డాడు. చెంగల్వ నవ్వింది. "రాజుగారి కొడుకువట కదా, ఉడుత చెప్పింది. కాడి కింద చూస్తే అస్సలు తెలీలేదు. పోయిరా. తిరిగొచ్చేటప్పుడు ఈ దారినే రా," అంది. కాడి రాసుకుపోయిన వాడి భుజానికి తానే పసుపు అద్దింది.

అక్కడి నుంచి సముద్రం వచ్చింది. ఒకటి దాటితే ఇంకోటి, మొత్తం ఏడు. ఒడ్డున ఒక పాత వల పడి ఉంది. నీళ్ళ మీద గూడబాతులు వేటాడుతున్నాయి. ఆ వేట చూడాలి మీరు! అన్నీ అర్ధచంద్రంలా నిలబడి రెక్కలతో నీళ్ళు కొడుతూ చేపల్ని లోతు లేని చోటికి తరిమాయి. అప్పుడు ఒక్కసారే ముక్కులు ముంచాయి. ఏ చేపను ఏ బాతు తరిమిందో, ఏ బాతు పట్టిందో ఎవరూ లెక్క చూడలేదు. ముసలి బాతు ఒకటి రెక్క కొట్టలేక ఊరికే నిలబడింది. దాని ముక్కు సంచీ కూడా నిండింది.

వాటిలో పెద్దబాతు చిట్టిమల్లుడి కథంతా విని, "వలలో కూచో, మోసుకుపోతాం," అంది.

తలో అంచూ పట్టుకుని లేచాయి. ముందున్న బాతు అలిసిపోతే వెనక్కి వచ్చేది, వెనకది ముందుకు పోయేది. చిట్టిమల్లుడు వలలో పడుకుని కిందికి చూశాడు. మొదటి సముద్రం నీలంగా ఉంది, రెండోది పచ్చగా ఉంది, మూడోదానికి రంగే లేదు, అడుగున పడుకున్న మబ్బులు కనబడ్డాయి. నాలుగోదాని మీద ఎవరో జోల పాడుతున్నట్టు చప్పుడు. అయిదోది, ఆరోది వాడు నిద్రలోనే దాటేశాడు. లేచేసరికి ఏడోది తెల్లగా పాలలా ఉంది. ఒళ్ళో బాతులు వేసిన చేపలు ఉన్నాయి. ముక్కులో ఇంత నిప్పురవ్వ దాచుకున్న ఒక బాతు దీవి ఒడ్డున వాటిని కాల్చి కూడా పెట్టింది.

"మీకివ్వడానికి నా దగ్గరేమీ లేదు," అన్నాడు చిట్టిమల్లుడు బెంగగా. "మూట కూడా అయిపోయింది. నా వాటా నేను చెయ్యలేదు."

"వాటా ఏమిటి? నువ్వు వరసలో ఉన్నావు, అంతే," అంది పెద్దబాతు. "తినడానికి కూడా కాస్త ధైర్యం కావాలి నాయనా. తిను."

వాడు కళ్ళు తుడుచుకుని తిన్నాడు. అప్పుడు పెద్దబాతు చెవిలో చెప్పింది. "అదిగో ఒంటిమేడ. మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలో ఉంది. మెడ నులిమితే వాడు చస్తాడు. కానీ మీ మాట కూడా ఆ గొంతులోనే ఉంది. చిలుక చస్తే మాటా చస్తుంది."

ఒంటిమేడ ముందు తోటలో అరిటాకులు వరసలు వరసలుగా పరిచి ఉన్నాయి. ఆకు ఆకుకీ రకరకాల వంటలు, ఆవిర్లు. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. చివరి ఆకు ముందు మాంత్రికుడు ఒంటరిగా కూచున్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి. పైన జామచెట్టుకు పంజరం వేలాడుతోంది, అందులో చిలుక తల వాల్చుకుని ఉంది. తోటలో రెండు రాతి బొమ్మలు. ఒకదాని చేతిలో రాతి కత్తి, ఒకదాని చేతిలో రాతి నగలు. అవి తన అన్నయ్యలేనని చిట్టిమల్లుడు పోల్చుకున్నాడు.

"ఏం తెచ్చావు?" అన్నాడు మాంత్రికుడు.

ఆ ప్రశ్నలోనే ఉంది మంత్రం. కత్తి తెచ్చానన్నవాడు కత్తితో రాయయ్యాడు. నగలు తెచ్చానన్నవాడు నగలతో రాయయ్యాడు. చిట్టిమల్లుడు ఖాళీ చేతులు రెండూ చాపాడు.

"ఏమీ తేలేదు తాతా. ఆకలేస్తోంది."

మంత్రానికి పట్టుకోడానికి ఏమీ దొరకలేదు. మాంత్రికుడు ఉలిక్కిపడ్డాడు. ఆ మాటలు ఒకప్పుడు తానే అన్నాడు, వానలో నిలబడి. పొమ్మనడానికి నోరు తెరిచాడు. పొమ్మంటే తాను కూడా ఆ రాజు లాంటివాడే అవుతాడు. నోరు మూసుకుని జరిగి కూచున్నాడు.

చిట్టిమల్లుడు పక్కన చతికిలబడ్డాడు. "ఇంత వంట ముందు పెట్టుకుని చిక్కిపోయావేం తాతా?"

"ఎవరూ రాలేదు," అన్నాడు మాంత్రికుడు. "ఆ మాట నా దగ్గరుంటే ఆ వరసలూ ఆ నవ్వులూ నావే అవుతాయనుకున్నా. ఆకులు పరిచి, చిలుకను రోజూ పలకమన్నా. పలకదు. ఒక్కడు పిలిస్తే అది పలకదట. నేను వేసిన మంత్రమే నా చేతుల్నీ పట్టుకుంది. నాకు నేనే వడ్డించుకోవాలి. వడ్డించుకుంటే సయించదు."

చిట్టిమల్లుడికి చప్పున అమ్మ గుర్తొచ్చింది. ఎత్తి, దించేసిన చెయ్యి గుర్తొచ్చింది. "తాతా, అమ్మ ఆ ముద్దను ఇంకా పట్టుకునే కూచుంది. ఎవరిదో తెలియడం లేదంది. నాకిప్పుడు తెలిసింది. అది నీది."

మాంత్రికుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెట్టు మీద ఒకే ఒక పండిన జామకాయ ఉంది. ఉడుత చరచరా ఎక్కి దాన్ని కిందికి వదిలింది. చిట్టిమల్లుడికి చిన్నప్పుడు అన్నయ్యలతో తిన్న జామకాయలు గుర్తొచ్చాయి. ఒక్క కాయే దొరికితే ఏం చేసేవాళ్ళు? మీకు తెలుసు! ఉత్తరీయం చెంగు కాయ మీద కప్పాడు. గుడ్డ మీద నుంచే కటుక్కున కొరికాడు. ఒకసారి, రెండోసారి. కాయ మూడు ముక్కలైంది.

"అదేమిటి?" అన్నాడు మాంత్రికుడు.

"కాకెంగిలి. గుడ్డ అడ్డముంది కదా, ఎంగిలి కాదు. నీకెవరూ పెట్టలేదా తాతా, చిన్నప్పుడు?"

మాంత్రికుడు అడ్డంగా తలూపాడు.

చిట్టిమల్లుడి చెయ్యి ఇవ్వలేదు. అయినా ఫరవాలేదు, ఉడుత నేర్పిన విద్య ఉంది. మూడు ముక్కల్నీ ఇద్దరి మధ్యా ఆకు మీద పెట్టాడు. ఒకటి తాను తీసుకుని తిన్నాడు. చూస్తూ కూచున్నాడు. మాంత్రికుడి చెయ్యి మెల్లగా, భయం భయంగా పాకుతూ వచ్చింది. ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. మూడో ముక్కను ఉడుత నోట కరుచుకుని పంజరం ఊచల్లోంచి దూర్చింది. చిలుక ఒక గింజ కొరికింది. ఇంకో గింజ. గొంతు సవరించుకుంది.

ఇప్పుడు, పిల్లలూ! బుగ్గలో దాచుకున్నారుగా? అనండి, గట్టిగా!

"పొత్తు!" అంది చిలుక.

ఆ మాట పొగలా కాదు, వాన వాసనలా బయటికొచ్చి ఏడు సముద్రాల మీదుగా సాగిపోయింది. పంజరం తలుపు దానంతటదే ఊడిపడింది. చిలుక వచ్చి మాంత్రికుడి గుండెల మీద వాలింది, అతని ప్రాణం అతనిలోకి వెళ్ళింది. ఇక అతను మాంత్రికుడు కాదు, ఒట్టి ముసలితాత. రాతి అన్నయ్యలిద్దరూ ఆవలించి ఒళ్ళు విరుచుకున్నారు. "ఏరా చిట్టీ, తినడానికేమైనా ఉందా?" అన్నాడు పెద్దవాడు.

అన్నయ్యలు తెచ్చిన ఓడలు రెండున్నా, అందరూ ఒకే ఓడలో తిరిగొచ్చారు. పైన గూడబాతులు, తెరచాప కొయ్య మీద చిలుక, దాని పక్కన ఉడుత. దారిలో చెంగల్వ, బుల్లోడు కలిశారు. వెన్నెలగుట్ట చేరేసరికి ఆకాశం నల్లబడి చినుకు పడింది. కోట ముందు కుండ ఎక్కి ఉంది. ఊరంతా వరసల్లో ఉంది. చిక్కి సగమైన రాణి, ఆకు ముందు ముద్ద పట్టుకుని కూచుంది.

ముసలితాత వానలో తడుస్తూ, ఖాళీ చేతులతో, మళ్ళీ ఆ ఆకు ముందే నిలబడ్డాడు. రాజు లేచి దగ్గరికి వచ్చాడు. మీసం మీదికి పోయిన చెయ్యి మధ్యలో దించేసుకున్నాడు.

"ఆకలేస్తోందా?" అని అడిగాడు.

"వేస్తోంది."

రాణి చెయ్యి లేచింది. మెల్లగా, నిండుగా లేచింది. మొదటి ముద్ద తాతకు. తర్వాత పెద్దవాడికి, రెండోవాడికి, చిన్నవాడికి. ఆఖరి ముద్ద తన నోట్లో పెట్టుకుని, ఆ తల్లి కళ్ళు మూసుకుని నమిలింది. చిట్టిమల్లుడు అమ్మ నమలడం చూస్తూ భోరున ఏడ్చాడు.

ఆ తర్వాత చిట్టిమల్లుడికీ చెంగల్వకూ పెళ్ళి జరిగింది. బువ్వంబంతిలో ఇద్దరికీ ఒకే కంచం పెడితే, బుల్లోడు కూడా మూతి దూర్చాడు. ఎవరూ కాదనలేదు. రాజు ముసలివాడయ్యాక ముగ్గురన్నదమ్ములూ రాజ్యాన్ని పొత్తున ఏలారు. సింహాసనంలో ముగ్గురూ పట్టకపోతే, దాన్ని తీసేసి పొడుగాటి బల్ల చేయించుకున్నారు. ఇంకా ఎవరైనా వస్తే జరిగి కూచునేవాళ్ళు. చాలా ఏళ్ళు, వానలు తప్పకుండా, అలాగే ఏలారు. తాత పొత్తుకుండ కింద మంట చూసుకునేవాడు. కొత్తవాడెవడు వచ్చినా, "ఆకలేస్తోందా?" అని ఆ చిలుకే ముందు అడిగేది.

కథ తన ఊరికి తాను వెళ్ళిపోయింది. ఇక లేవండి, చేతులు కడుక్కోండి. పెద్ద కంచం తెస్తున్నాను, చుట్టూ కూచోండి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల ఎవరు? ఎవరైతేనేం, జరగండి కాస్త.